నెమ్ముకు మందుంది... లెక్క తప్పొద్దు!

జలుబే కదా అనుకుంటారు. దగ్గు మందుతో సరిపెడతారు. జ్వరం వదలకపోతే మందుల షాపుకెళ్లి మూడు గోలీలు తెచ్చుకుంటారు. కాస్త నెమ్మదించగానే మిగిలిన గోలీలు అలమరలోకి చేరతాయి. నాలుగు రోజులు గడిచేసరికి ఆయాసం మొదలవుతుంది. అప్పుడు ఎక్స్‌రే తీస్తే తేలేది... న్యుమోనియా! పెద్దవాళ్లు నెమ్ము చేరిందనీ, నిమ్ము చేసిందనీ చెప్పుకొనే జబ్బు ఇదే. మందులు లేని జబ్బేమీ కాదు. కానీ ఆ మందు ఆలస్యంగా పడినా, తప్పు మందు పడినా, అరకొరగా పడినా ప్రాణం మీదికి వస్తుంది. అందుకే న్యుమోనియాలో అన్నీ లెక్కలే. శ్వాస లెక్క, మందు లెక్క, రోజుల లెక్క. ఇవి ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం మంచిది.

గాలి గదుల్లో చీము

మన ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి గదులుంటాయి. పీల్చిన గాలిలోని ప్రాణవాయువు రక్తంలో కలిసేది ఇక్కడే. సూక్ష్మజీవులు ఈ గదుల్లోకి చొరబడితే వాటిని ఎదుర్కొనేందుకు తెల్ల రక్తకణాలు గుంపులుగా వచ్చి చేరతాయి. ఈ పోరులో గదులు నీరూ చీముతో నిండిపోతాయి. గాలి ఉండాల్సిన చోట చీముంటే ప్రాణవాయువు రక్తంలోకి ఎలా వెళుతుంది? అందుకే ఆయాసం. ఎక్స్‌రేలో నల్లగా కనిపించాల్సిన ఊపిరితిత్తి ఆ భాగంలో తెల్లగా కనిపించేదీ ఇందుకే.

ఇంట్లోనో, బడిలోనో, ఆఫీసులోనో తిరుగుతుండగా అంటుకున్న న్యుమోనియాను వైద్యులు ‘కమ్యూనిటీ అక్వైర్డ్ న్యుమోనియా’ అంటారు. వేరే జబ్బుతో ఆసుపత్రిలో చేరి, 48 గంటలు దాటాక వచ్చేది ఇంకో రకం. ఈ తేడా ఎందుకంటే... ఆసుపత్రుల్లో తిరిగే బ్యాక్టీరియా చాలా మందులకు రాటుదేలి ఉంటుంది. దానికి వాడే మందులు వేరు. బయట అంటుకున్న నెమ్ము చాలావరకు మామూలు మందులకే లొంగుతుంది.

వానలో తడిస్తే, చల్లటి నీళ్లు తాగితే నెమ్ము చేస్తుందన్న నమ్మకం మన ఇళ్లలో గట్టిగా ఉంది. నిజానికి తడిసినంత మాత్రాన న్యుమోనియా రాదు. రావాలంటే సూక్ష్మజీవి ఉండాల్సిందే. అయితే వానలూ చలీ మొదలయ్యాక జలుబు, ఫ్లూ వైరస్‌లు ఎక్కువగా తిరుగుతాయి. అవి శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. అప్పటిదాకా ముక్కులో, గొంతులో గుట్టుగా ఉన్న బ్యాక్టీరియా ఇదే అదనుగా కిందికి దిగుతుంది. ఫ్లూ తగ్గుముఖం పట్టి, రెండు రోజులు బాగుండి, మళ్లీ జ్వరం తిరగబెట్టిందంటే అనుమానించాల్సింది అందుకే.

దోషులు చాలామంది

వీటిలో పేరుమోసిన దోషి న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా. 1881లో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్, అమెరికాలో జార్జ్ స్టెర్న్‌బర్గ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే దీన్ని కనుగొన్నారు. ఇది చాలామంది ఆరోగ్యవంతులైన పిల్లల ముక్కుల్లో ఏ హానీ చేయకుండా ఉంటుంది. వారి నుంచి ఇంట్లోని తాతయ్యకో, అమ్మమ్మకో చేరినప్పుడు జబ్బుగా మారుతుంది.

పొగతాగేవారిలో, ఊపిరితిత్తుల జబ్బులున్నవారిలో హీమోఫిలస్ అనే బ్యాక్టీరియా ఎక్కువ. మద్యం అలవాటున్నవారిలో, మధుమేహం అదుపులో లేనివారిలో క్లెబ్సియెల్లా కనిపిస్తుంది. ఫ్లూ వెన్నంటి స్టాఫైలోకాకస్ రావచ్చు. పక్షవాతం వచ్చి సరిగా మింగలేనివారికి అన్నం మెతుకులు, నోట్లోని ఉమ్మి పొరపాటున ఊపిరితిత్తుల్లోకి జారి నెమ్ముకు దారితీస్తాయి.

ఇవికాక దొంగచాటుగా వచ్చేవి కొన్నున్నాయి. బడి పిల్లల్లో, హాస్టళ్లలో ఉండే యువతలో మైకోప్లాస్మా ఎక్కువ. మనిషి తిరుగుతూనే ఉంటాడు, దగ్గు మాత్రం వదలదు. అందుకే దీన్ని వాకింగ్ న్యుమోనియా అంటారు. లెజియొనెల్లాది ఇంకో కథ. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఓ హోటల్‌లో మాజీ సైనికుల సభ జరిగింది. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే చాలామంది అంతుచిక్కని న్యుమోనియాతో మంచం పట్టారు. పలువురు చనిపోయారు. కారణమైన బ్యాక్టీరియా ఏదో 1977 జనవరిలో గానీ తేలలేదు. నిల్వ నీటిలో పెరిగి, గాలిలో లేచే సన్నటి తుంపర్లతో వ్యాపించే రకం అది. వైరస్‌లూ తక్కువేం కాదు. ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ, కరోనా... అన్నీ నెమ్ము తెచ్చేవే.

మరి ఫలానా రోగికి ఏది సోకిందో పరీక్షలతో తేలుతుందా? ఇక్కడే చిక్కంతా. అమెరికాలో న్యుమోనియాతో ఆసుపత్రుల్లో చేరిన 2,259 మంది పెద్దవాళ్లకు అందుబాటులో ఉన్న పరీక్షలన్నీ చేశారు. ఆ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఏదో ఒక సూక్ష్మజీవి దొరికింది 38 శాతం మందిలోనే! అందులోనూ బ్యాక్టీరియా కంటే వైరస్‌లే ఎక్కువగా దొరికాయి. అంటే సగానికి పైగా రోగుల్లో దోషి ఎవరో తెలియకుండానే వైద్యం చేయాలి. రోగి వయసు, మిగతా జబ్బులు, జబ్బు తీవ్రత, ఆ ప్రాంతంలో తిరిగే సూక్ష్మజీవులు... వీటిని బట్టి వైద్యుడు అంచనా కడతాడు. ఆ అంచనా మందుల షాపు కౌంటరు దగ్గర నిలబడి కట్టేది కాదు.

మొదటి లెక్క: శ్వాస

దగ్గు, జ్వరం, చలి, పసుపు లేదా తుప్పు రంగు కళ్లె, గట్టిగా ఊపిరి తీస్తే ఒక పక్క గుచ్చినట్టు నొప్పి... ఇవి న్యుమోనియా లక్షణాలు. మామూలు జలుబుకూ దీనికీ తేడా చెప్పేవాటిలో ముఖ్యమైంది శ్వాస వేగం. దీనికి గడియారం ఒక్కటుంటే చాలు. చంటిబిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తోందో నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దులివి:

* 2 నెలల లోపు పసికందుల్లో నిమిషానికి 60 సార్లు, ఆపైన.

* 2 నెలల నుంచి ఏడాది లోపు పిల్లల్లో 50 సార్లు, ఆపైన.

* ఏడాది నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో 40 సార్లు, ఆపైన.

శ్వాస ఈ హద్దుకు చేరితే వెంటనే డాక్టర్‌కు చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, మగతగా పడి ఉన్నా, పెదాలు నీలంగా మారినా అది అత్యవసరం. పసరు పోయించడం, పొట్ట మీద వాతలు పెట్టించడం లాంటి వాటితో పోయేది బిడ్డ ప్రాణమే. అయిదేళ్ల లోపు పిల్లలను బలిగొనే అంటువ్యాధుల్లో ప్రపంచమంతటా మొదటి స్థానం నేటికీ న్యుమోనియాదే.

ముసలివాళ్లలో చిక్కు ఇంకో రకం. వాళ్లకు జ్వరం రాకపోవచ్చు. దగ్గు కూడా పెద్దగా ఉండకపోవచ్చు. ఉన్నట్టుండి తిండి మానేస్తారు. పొంతన లేకుండా మాట్లాడతారు. నడుస్తూ పడిపోతారు. ‘వయసైపోయింది, చాదస్తం’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన మనిషి ఈరోజు తికమకపడుతున్నాడంటే అది చాదస్తం కాదు. లోపల ఏదో జబ్బు ఉందని అర్థం. అది న్యుమోనియా కావచ్చు.

కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు ఇంట్లో ఉంటే ఇప్పుడు పనికొస్తుంది. వేలికి గోళ్ల రంగు లేకుండా చూసి పెట్టాలి. 94 కంటే తగ్గితే డాక్టర్ దగ్గరకు, 90కి పడిపోతుంటే నేరుగా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల జబ్బు పాతదే అయితే తమకు మామూలుగా ఎంత ఉంటుందో ముందే డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాలి.

ఇంట్లోనా... ఆసుపత్రిలోనా?

న్యుమోనియా అనగానే అందరూ ఆసుపత్రిలో చేరక్కర్లేదు. పెద్దవాళ్ల విషయంలో వైద్యులు నాలుగు ప్రశ్నలు వేసుకుంటారు. మనిషి తికమకపడుతున్నాడా? శ్వాస నిమిషానికి 30 లేదా అంతకంటే ఎక్కువ ఉందా? రక్తపోటు పడిపోయిందా? అంటే పై అంకె 90 కంటే తక్కువో, కింది అంకె 60 లేదా అంతకంటే తక్కువో ఉందా? వయసు 65 గానీ, అంతకు మించి గానీ ఉందా? ఒక్కో ‘అవును’కు ఒక్కో మార్కు. ఒక్క మార్కూ రాకపోతే చాలామందికి ఇంట్లోనే మాత్రలతో వైద్యం చేయొచ్చు. ఒకటి, రెండు వస్తే ఆసుపత్రిలో చేర్చే విషయం ఆలోచిస్తారు. మూడు, నాలుగు వస్తే ఆలస్యం చేయడానికి లేదు. రక్తంలో యూరియాను కూడా చూస్తే అయిదో మార్కు. దీన్నే ‘కర్బ్-65’ అంటారు.

అయితే మార్కులే సర్వస్వం కాదు. ప్రాణవాయువు తగ్గినవారిని, మాత్ర మింగితే కక్కేస్తున్నవారిని, ఇంట్లో చూసుకునే దిక్కు లేనివారిని మార్కులు రాకపోయినా చేర్చుకోవాల్సి వస్తుంది.

రెండో లెక్క: మందు

యాంటీబయాటిక్‌లన్నీ ఒకటే అనుకోవడం పెద్ద పొరపాటు. ఒక్కో రకం బ్యాక్టీరియాను ఒక్కో చోట దెబ్బతీస్తుంది. పెన్సిలిన్ కుటుంబానికి చెందిన అమాక్సిసిలిన్ బ్యాక్టీరియా చుట్టూ ఉండే గోడను కట్టనివ్వదు. గోడ లేక బ్యాక్టీరియా పగిలిపోతుంది. న్యుమోకాకస్ మీద ఇది నేటికీ బాగా పనిచేస్తుంది. మిగతా జబ్బులేవీ లేని మనిషికి తీవ్రత తక్కువగా ఉన్నప్పుడు చవకైన ఈ పాత మందే మొదటి వరుసలో ఉంటుంది. ‘ఇంత మామూలు మందు రాశాడేంటి’ అని డాక్టర్‌ను అనుమానించక్కర్లేదు.

మరి మైకోప్లాస్మా? దానికి అసలు గోడే లేదు! లేని గోడను అమాక్సిసిలిన్ ఏం చేస్తుంది? లెజియొనెల్లా అయితే మన కణాల లోపలే దాక్కుంటుంది. ఈ మందు అక్కడిదాకా చేరదు. వీటికి బ్యాక్టీరియా తనకు కావాల్సిన ప్రొటీన్లు తయారుచేసుకోకుండా అడ్డుపడే అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి కావాలి. పొలాలు, పొదల్లో ఉండే నల్లి జాతి పురుగులు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా కొందరిలో నెమ్ములా కనిపిస్తుంది. దానికీ డాక్సీసైక్లినే ముఖ్యమైన మందు. అలాగని అజిత్రోమైసిన్ ఒక్కటే వేసుకుంటే సరిపోతుందన్న భరోసా లేదు. దానికి లొంగని న్యుమోకాకస్ చాలా దేశాల్లో పెరిగిపోయింది. దగ్గొస్తే చాలు షాపుల్లో చేతికిచ్చే ఆ మూడు గోలీల పట్టీతో నెమ్మును ఎదుర్కోవాలనుకోవడం ప్రమాదం.

మధుమేహం, గుండె, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికీ, ఆసుపత్రిలో చేరినవారికీ సాధారణంగా రెండు మందులు కలిపి ఇస్తారు. సెఫ్ట్రియాక్సోన్ లాంటి ఇంజెక్షన్ ఒకటి, అజిత్రోమైసిన్ లాంటిది మరొకటి. గోడ ఉన్నదాన్ని ఒకటి, లేనిదాన్ని ఇంకొకటి చూసుకుంటాయి. ఫ్లూ అని తేలితే ఒసెల్టామివిర్ కూడా ఇస్తారు. జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో ఎంత తొందరగా మొదటి మోతాదు పడితే అంత మేలు. రోగి తేరుకుని మింగగలిగే స్థితికి వస్తే ఇంజెక్షన్ ఆపి మాత్రలకు మారుస్తారు. ‘సూదిమందు అయితేనే పవరు’ అన్నది అపోహే.

స్టెరాయిడ్ల మాటేమిటి? ప్రాణాపాయ స్థితిలో ఐసీయూలో ఉన్న కొందరిలో హైడ్రోకార్టిసోన్ మరణాలను తగ్గించిందని ఫ్రాన్స్‌లో జరిగిన ఓ పెద్ద అధ్యయనం 2023లో తేల్చింది. అది ఐసీయూ వైద్యం. జ్వరం చప్పున దిగాలని బయట వేయించుకునే స్టెరాయిడ్ సూది కాదు.

టీబీని దాచే మందు

లీవోఫ్లాక్సాసిన్ న్యుమోనియా మీద గట్టిగా పనిచేసే మందు. రోజుకు ఒక్కసారి వేసుకుంటే చాలు. కొన్ని దేశాల్లో విరివిగా వాడతారు. మన దగ్గర మాత్రం వైద్యులు ఆచితూచి వాడాలి. కారణం... క్షయ. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. టీబీ కూడా ఎక్స్‌రేలో నెమ్ములాగే కనిపించొచ్చు. ఈ మందు టీబీ బ్యాక్టీరియాను కూడా కొంత అణుస్తుంది. పూర్తిగా చంపదు. దగ్గు, జ్వరం తగ్గినట్టే తగ్గుతాయి. కళ్లె పరీక్షలో టీబీ దొరకదు. నెల తిరిగేసరికి జబ్బు ముదిరి మళ్లీ బయటపడుతుంది. ఆలోగా ఇంటిల్లిపాదికీ అంటుకుని ఉండొచ్చు. పైగా మొండి టీబీకి వాడాల్సిన ముఖ్యమైన మందుల్లో ఇదీ ఒకటి. దాన్ని ఇలా పాడుచేసుకుంటే రేపు ఆ రోగికి దారేది? మన ఛాతీ వైద్యుల సంఘాలు 2012లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా టీబీని దృష్టిలో పెట్టుకునే ఈ రకం మందులను మొదట్లోనే వాడొద్దన్నాయి. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది ఉచితం.

మూడో లెక్క: రోజులు

ఒకప్పుడు న్యుమోనియా అంటే పది రోజులు, రెండు వారాలు మందులు మింగాల్సిందే. ఇప్పుడా లెక్క మారింది. మందుకు రోగి చక్కగా స్పందిస్తుంటే చాలామందికి 5 రోజులు సరిపోతుందన్నది నేటి మాట. ఫ్రాన్స్‌లో ఆసుపత్రిలో చేరిన రోగుల మీద జరిగిన ఓ అధ్యయనం 2021లో వెలువడింది. 3 రోజుల వైద్యంతో కుదుటపడిన 310 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మరో 5 రోజులు మందిచ్చారు. రెండో జట్టుకు మందు లేని ఉత్త గోలీలిచ్చారు. పదిహేనో రోజున చూస్తే రెండో జట్టు ఏమాత్రం వెనకబడలేదు.

అయితే దీన్ని ‘తగ్గితే మనమే ఆపేయొచ్చు’ అని అర్థం చేసుకోకూడదు. జ్వరం, నాడి, శ్వాస, రక్తపోటు, ప్రాణవాయువు... అన్నీ కుదుటపడ్డాయని డాక్టర్ చూసి నిర్ణయించాకే ఆపాలి. లెజియొనెల్లా, స్టాఫైలోకాకస్ లాంటివి సోకినా, ఊపిరితిత్తి చుట్టూ చీము చేరినా ఎక్కువ రోజులు వాడాల్సిందే. రోజులు ఎన్నైనా వేళ తప్పకూడదు. రోజుకు మూడుసార్లు అన్న మాత్రను రెండుసార్లతో సరిపెడితే రక్తంలో మందు చాలినంత ఉండదు. మందు మొదలుపెట్టి మూడు రోజులైనా జ్వరం దిగకపోతే ఇంకో షాపుకు కాదు, మళ్లీ ఆ డాక్టర్ దగ్గరకే వెళ్లాలి.

ఫ్లెమింగ్ ముందే చెప్పాడు

1945లో నోబెల్ బహుమతి అందుకున్న వేళ పెన్సిలిన్ సృష్టికర్త అలెగ్జాండర్ ఫ్లెమింగ్ తన ప్రసంగంలో ఓ ఊహాకథ చెప్పాడు. ఒకాయనకు గొంతునొప్పి వచ్చింది. సొంతంగా పెన్సిలిన్ కొనుక్కుని కొద్దిగా వాడాడు. బ్యాక్టీరియా చావలేదు సరికదా, మందుకు అలవాటుపడింది. అది ఆయన భార్యకు సోకింది. ఆమెకు న్యుమోనియా వచ్చింది. పెన్సిలిన్ ఇచ్చినా పనిచేయలేదు. ఆమె చనిపోయింది. తప్పు భర్తది, శిక్ష భార్యకు! మందు మార్కెట్లోకి వచ్చిన తొలినాళ్లలోనే ఆయన చేసిన హెచ్చరిక ఇది.

మన దేశంలో లీవోఫ్లాక్సాసిన్, సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్ వంటి యాంటీబయాటిక్‌లను 2014 మార్చి నుంచి ‘షెడ్యూల్ హెచ్1’ కింద అమ్మాలి. చీటీ ఉంటేనే ఇవ్వాలి. డాక్టర్ పేరు, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారన్నది రిజిస్టర్లో రాసి 3 ఏళ్లు దాచాలి. చీటీ లేకుండా వాడకూడని మందుల పట్టీ మీద నిలువుగా ఉండే ఎర్రగీత గురించి 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రచారం చేపట్టింది. గోలీలు కొనేటప్పుడు ఒక్కసారి పట్టీ తిప్పి చూస్తే ఆ గీత కనిపిస్తుంది. మామూలు జలుబు, గొంతు గరగర చాలావరకు వైరస్‌ల వల్లే. వాటికి ఈ ఎర్రగీత మందుల అవసరమే లేదు.

తగ్గాక కూడా ఓపిక పట్టాలి

మందులు అయిపోయినా నీరసం, దగ్గు ఉన్నాయంటూ కొందరు మళ్లీ యాంటీబయాటిక్ కోసం తిరుగుతారు. నెమ్ము తగ్గడానికి ఓ క్రమం ఉంది. జ్వరం వారంలో దిగుతుంది. ఛాతీనొప్పి, కళ్లె నాలుగు వారాల్లో బాగా తగ్గుతాయి. దగ్గు, ఆయాసం చాలావరకు తగ్గడానికి ఆరు వారాలు పట్టొచ్చు. అలసట మూడు నెలలు, కొందరిలో ఆరు నెలలు ఉంటుంది. ఎక్స్‌రేలో మచ్చ పోవడానికీ వారాలు పడుతుంది. కాబట్టి రోజు విడిచి రోజు ఎక్స్‌రే తీయించుకోనక్కర్లేదు. కానీ 50 ఏళ్లు దాటి, పొగతాగే అలవాటున్నవారు ఆరు వారాల తర్వాత ఒకసారి తీయించుకోవాలి. నెమ్ము మాటున క్యాన్సర్ దాగి ఉండొచ్చు.

రాకుండా...

* పిల్లలకు వేసే న్యుమోకాకల్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2021లో దేశమంతటికీ వచ్చింది. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెలలో ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా వేస్తారు.

* 65 ఏళ్లు దాటినవారు, మధుమేహం, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు న్యుమోకాకల్ టీకా, ఏటా ఫ్లూ టీకా గురించి డాక్టర్‌ను అడగాలి.

* సిగరెట్టు, బీడీ, చుట్ట మానాలి. కట్టెల పొయ్యి పొగ దగ్గర చంటిపిల్లల్ని ఉంచొద్దు.

* పక్షవాతం వచ్చినవారికి పడుకోబెట్టి అన్నం పెట్టొద్దు. కూర్చోబెట్టి, చిన్న ముద్దలుగా తినిపించాలి. తిన్నాక నోరు శుభ్రం చేయాలి.

* మిగిలిపోయిన యాంటీబయాటిక్‌లు ఇంట్లో దాచొద్దు. ఒకరికి రాసినవి ఇంకొకరికి వేయొద్దు.

ఈసారి ఇంట్లో ఎవరైనా దగ్గుతూ మంచం పడితే అలమరలో పాత గోలీలు వెతకడం కాదు, ముందు గడియారం చూస్తూ నిమిషం పాటు శ్వాస లెక్కపెట్టండి. లెక్క ఎక్కువగా ఉంటే ఆరోజే డాక్టర్ దగ్గరకు బయల్దేరండి.